మూడు కొటేషన్ల డిగ్రీ

ఒడిశాలోని రాయగడలో ఒక ప్రైవేటు నర్సింగ్ కాలేజీ ఉంది. దాని హాస్టల్లో రెండువందల నలభైమంది ఆడపిల్లలు ఉంటారు. వాళ్లకు పొద్దున్న ఉప్మా, మధ్యాహ్నం అన్నం, కూరగాయలేసిన దాల్మా పప్పు, రాత్రి రొట్టె కూర వేళకు పడుతున్నాయంటే అది సత్యభామ చలవేనని గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. మెస్సు కాంట్రాక్టరు కాగితాల్లో మాత్రం ఆమె హెల్పరు. పద్నాలుగేళ్లుగా హెల్పరే. ఈ పద్నాలుగేళ్లలో కాంట్రాక్టర్లు ఐదుగురు మారారు. ఎవరొచ్చినా పాత గుండిగల్ని, పాత సత్యభామని అప్పగింతల్లో కలిపి తీసుకున్నారు.

ఆమెకు నలభై ఒక్కేళ్లు. పుట్టింది గునుపూర్ దగ్గర పల్లెలో. తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి వరిమళ్లు చేసుకున్న కుటుంబం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. ప్లస్‌టూ సెకండ్ డివిజన్లో పాసైంది. ఆ వేసవిలోనే పెళ్లయి రాయగడ వచ్చింది. భర్త మల్లేశు స్టేషను దగ్గర ఆటో నడుపుతాడు. ఆమెను ఏ పనికీ వద్దనడు, తను ఏ పనీ నెత్తినేసుకోడు.

వారానికొకసారి సత్యభామ బిస్సమ్ కటక్ సంతకు వెళ్తుంది. కొండ మీంచి అల్లం, పసుపు, కందులు దించే ఆడవాళ్లతో వాళ్ల కొండభాష దేశియాలో మాట్లాడుతుంది. బుట్ట కిందికి దించకముందే, వాళ్లు నడిచొచ్చే తీరు చూసి ఈ వారం అల్లం తడిదా పొడిదా చెప్పేయగలదు. సిలిండర్లు ఎప్పుడు ఖాళీ అవుతాయో, ఏ వంటమనిషి ఏ పండక్కి చెప్పకుండా మాయమవుతుందో, పరీక్షల వారంలో పిల్లలు ఎంత తక్కువ తింటారో ఆమె బుర్రలో ఉంటుంది. ఆ బుర్ర ఉన్నందుకే కాలేజీ నడుస్తోంది. ఆ బుర్రకి మాత్రం మన ఉద్యోగాల పట్టికల్లో గడి లేదు.

నిరుడు జూన్‌లో ఐదో కాంట్రాక్టరు వచ్చాడు. అంటే మనిషి రాలేదు, కంపెనీ వచ్చింది. దాని తరఫున ఏరియా మేనేజరు విష్ణువర్ధన్ విశాఖపట్నం నుంచి దిగాడు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు. చెడ్డవాడేం కాదు. తనకు పైనుంచి వచ్చింది కిందికి పంపడమే ఉద్యోగం అనుకునేవాడు.

"ఆంటీ, హెడ్డాఫీసు కొత్త పాలసీ. ప్రతి మెస్సుకీ ఒక సూపర్‌వైజర్ ఉండాలి. సూపర్‌వైజర్‌కి బిజినెస్ డిగ్రీ ఉండాలి. పూర్తవకపోయినా చేరి ఉంటే చాలు. ఆన్‌లైన్ అయినా ఓకే. జూలై ముప్పై ఒకటి లోపల అడ్మిషన్ నంబరు చూపిస్తే మిమ్మల్నే పెడతాను. లేదంటే భువనేశ్వర్ నుంచి ఒక కుర్రాణ్ణి పంపిస్తారు."

"ఆ బాబుకి ఇక్కడి పని ఎవరు నేర్పుతారు సార్?"

"మీరే కదా."

"నేర్పేక నాను ఏటవుతాను?"

"హెల్పరే. మీ పొజిషన్‌కి ఏ ఇబ్బందీ లేదు ఆంటీ."

పని తెలిసిన మనిషిని తెలియని మనిషికి గురువుగా కూర్చోబెట్టి, హోదా శిష్యుడికి ఇచ్చే ఈ ఏర్పాటుకు మేనేజ్‌మెంటు అని పేరు. అది మూడేళ్లు చదువుకోవలసిన విషయమేనని ఒప్పుకోక తప్పదు. చదవకుండా ఎవరికీ ఇలాంటి ఆలోచన రాదు.

సత్యభామకు మొదటిసారి భయం వేసింది. ఇన్నాళ్లూ కుర్చీ లేకపోయినా ఆ కుర్చీలో ఇంకొకరు లేరు. ఇప్పుడు తన కొడుకు వయసువాడు వచ్చి కూర్చుంటే, తను నిలబడి వాడికి గ్యాసు లెక్క చెప్పాలి.

ఆ మధ్యాహ్నమే కాలేజీ ఎదురుగా ఉన్న దేబాశిష్ షాపుకి వెళ్లింది. జెరాక్సు, ఫోటోలు, ఆన్‌లైన్ ఫారాలు అతని వ్యాపారం. ఒడియా మనిషి, తెలుగు బాగానే వచ్చు, ఆమెను నానీ అంటాడు. అంటే అక్క. ఆన్‌లైన్ బిజినెస్ డిగ్రీ అని కొట్టి, కనబడిన మొదటి పేజీలో ఆమె ఫోన్ నంబరు పెట్టాడు.

పప్పుకి తాలింపు పెట్టేలోగా పదకొండు ఫోన్లు వచ్చాయి. ఒకరు హిందీ, ఒకరు తెలుగు, ఒకరు ఒడియా. అందరూ కౌన్సెలర్లే. అందరి దగ్గరా మూడే సీట్లు మిగిలాయి.

"కంప్యూటర్లో సదువుకి కుర్సీలు అయిపోడమేటి?" అని ఆమె దేబాశిష్‌ని అడిగింది.

"నానీ, సినిమా హాలు అనుకో. హాలు లేదు, సినిమా లేదు, టిక్కెట్లు మాత్రం అయిపోతున్నాయి."

ఏది ఎంచుకోవాలో తెలియక సత్యభామ మేనమామ శంకరరావును అడిగింది. ఆమె చేసిన తప్పల్లా అదే. మన పబ్లిక్ సెక్టారు కాలనీల గాలి పీల్చిన మనిషిని సలహా అడగడం ఎంత తప్పో అడిగాక గాని తెలియదు.

శంకరరావు దామంజోడి అల్యూమినా కంపెనీ టౌన్‌షిప్‌లో ముప్పై ఒక్కేళ్లు కొనుగోళ్ల విభాగంలో పనిచేసి రిటైరై రాయగడలో ఇల్లు కట్టుకున్నాడు. మూడు కొటేషన్లు లేకుండా గుండుసూది కొన్న పాపం ఎరగడు. సొంత మోకాలి ఆపరేషనుకు కూడా ముగ్గురు డాక్టర్లకు విచారణ లేఖలు రాసి, ఇద్దరు జవాబివ్వకపోతే ఏడాదిపాటు కుంటుకుంటూ తిరిగాడు.

"ఫోన్లో మాటకి విలువ లేదే అమ్మీ. రాతలో రావాల. డిగ్రీ అంటే ఏటనుకుంతన్నావు, మూడేళ్ల సప్లై," అన్నాడు.

"డిగ్రీని సప్లై సేత్తారేటి మావయ్యా?"

"సెయ్యకపోతే మరి నీకెలగొత్తాది? నువ్వు ఇండెంటరువి. అంటే సరుకు కావాలన్న మనిషివి. నాను కమిటీ సైర్మన్ని. ఈ దేబాశిష్ మెంబరు. ఇక నువ్వు మాటాడకు, ఇండెంటరు మాటాడకూడదు."

ఆ సాయంత్రం శంకరరావు రెండు పేజీల విచారణ లేఖ తయారుచేశాడు. సరఫరాకు నమూనాగా ఒక సెమిస్టరు ముందుగా పంపవలెను. డిగ్రీ మూడేళ్లలో అందనిచో ఆలస్యమైన ప్రతి వారానికి అర శాతం కోత విధించబడును. అందిన డిగ్రీ ఉద్యోగానికి పనికిరానిచో సరఫరాదారు తన సొంత ఖర్చుతో వెనక్కి తీసుకొని మంచిది ఇవ్వవలెను. కొటేషన్లు శనివారం సాయంత్రం నాలుగు గంటలకు తెరవబడును, బిడ్డర్లు గాని వారి ప్రతినిధులు గాని హాజరు కావచ్చును.

దేబాశిష్ దాన్ని మెయిల్లో పంపుతూ పడిపడి నవ్వాడు. నిజానికి నవ్వవలసింది అందులో పెద్దగా లేదు. చదువు అమ్ముకుంటున్న వాళ్లను, నీ సరుకు పనికిరాకపోతే ఏం చేస్తావని ఈ దేశంలో అడిగింది శంకరరావు ఒక్కడే. తల్లిదండ్రులు అడగరు, ప్రభుత్వాలు అడగవు. ఫ్యాన్ కొంటే రెండేళ్ల గ్యారంటీ కార్డు అడిగి తీసుకుంటాం. డిగ్రీ కొన్నప్పుడు ఫోటో దిగి వచ్చేస్తాం.

మూడు విశ్వవిద్యాలయాల కౌన్సెలర్లు జవాబిచ్చారు. మూడూ మూడు రాష్ట్రాలవి. షరతుల సంగతి ఎత్తకుండా ముగ్గురూ రంగురంగుల బొమ్మలు పంపారు. ప్రతి బొమ్మలోనూ టై కట్టుకున్న ఒక అబ్బాయి ల్యాప్‌టాప్ వైపు చూసి నవ్వుతున్నాడు. శంకరరావు ఆ బొమ్మలను మూడు కవర్లలో పెట్టించి, లక్కతో సీలు వేయించి, తన బీరువాలో దాచాడు. వచ్చిన మెయిలును ప్రింటు తీసి కవర్లో పెట్టి అంటించడం ఎందుకని దేబాశిష్ అడిగితే, తెరవడానికి అన్నాడు.

జూలై ఇరవై ఆరు, శనివారం. వాన కురుస్తోంది. దేబాశిష్ షాపులో టేబులు మీద దినపత్రిక పరిచి మూడు ఫోన్లు వరసగా పెట్టారు. ఒకటి సత్యభామది, ఒకటి శంకరరావుది, ఒకటి షాపుది. ఒక్కో ఫోన్లో ఒక్కో కౌన్సెలర్, స్పీకరు పెట్టి ఉంది. బిడ్డర్లు హాజరయ్యారన్నమాట. మొదటి ఫోన్లో లిప్సా అనే ఒడియా అమ్మాయి, రెండో దాన్లో రీనా అనే హిందీ అమ్మాయి, మూడో దాన్లో పేరు సరిగా చెప్పని ఒక తెలుగు కుర్రాడు.

శంకరరావు గొంతు సవరించుకుని మొదటి కవరు చించాడు. "ఒకటో బిడ్డరు. నమూనా పంపలేదు. కారణం సెప్పాల."

"సార్, నమూనా అంటే?" అంది లిప్సా.

ఆమె మాట పూర్తయ్యేలోగా ఫోన్లో ఎవరో గట్టిగా తుమ్మారు. ఆ తుమ్ము రెండో ఫోన్లోనూ వినబడింది. మూడో ఫోన్లోనూ వినబడింది. దేబాశిష్ తలెత్తి చూశాడు. శంకరరావు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నాడు, తుమ్ముకీ కళ్లజోడుకీ సంబంధం ఉన్నట్టు.

రెండో కవరు చించుతుండగా చప్పట్లు మొదలయ్యాయి. మూడు ఫోన్లలోంచీ ఒకేసారి. ఎవరిదో పుట్టినరోజు. కేక్ కోస్తున్నాం అందరూ రండి అని ఒక ఆడగొంతు హిందీలో పిలిచింది. ఆ పిలుపు కూడా మూడు ఫోన్లలోంచీ వచ్చింది.

"సార్, రెండు నిమిషాలు లైన్లో ఉంటారా?" అని ముగ్గురు బిడ్డర్లూ మూడు భాషల్లో అడిగారు. తరవాత మూడు ఫోన్లలోంచి కుర్చీలు జరిపిన చప్పుడు.

మూడు రాష్ట్రాల మూడు విశ్వవిద్యాలయాలు ఒకే గదిలో ఒకే కేకు తింటున్నాయి. షాపులో ఉన్న ముగ్గురూ ఆ తినడం అయ్యేదాకా విన్నారు.

"సిండికేటు," అన్నాడు శంకరరావు. ఆ మాట అనడానికి ముప్పై ఒక్కేళ్లు ఎదురుచూసినవాడిలా అన్నాడు. "ముగ్గురూ ఒకటే. రింగు కట్టేరు. టెండరు రద్దు. రీటెండరుకి ఇరవై ఒక్క రోజులు."

"మావయ్యా, మరి అయిదు రోజులే ఉంది."

"రూలు రూలే అమ్మీ."

"ఆ రూలు నీ ఆఫీసుది. నువ్వు రిటైరై ఆరేళ్లయ్యింది. నా గడువు గురువారం తీరిపోతాది. శుక్రవారం ఆ భువనేశ్వర్ బాబొచ్చి నా నెత్తి మీద కూకుంతాడు. నువ్వు రీటెండరు పెట్టుకుంతానంటావు."

శంకరరావు రద్దు ఉత్తర్వు రాసుకోవడంలో పడ్డాడు. సత్యభామ లేచి గొడుగు తీసుకుని బయటికి వచ్చేసింది.

ఆదివారం మధ్యాహ్నం ఆమె బియ్యం చెరిగిస్తుంటే లిప్సా ఫోన్ చేసింది. ఆఫీసు నంబరు నుంచి కాదు, సొంత ఫోన్ నుంచి. ఒడియాలో మాట్లాడింది.

"నానీ, నిన్న సారీ. మీ మావయ్యగారి కాగితం మా ఆఫీసు గోడకి అంటించాం. డిగ్రీ వెనక్కి తీసుకోవాలి అన్నారు చూడండి, అది చదివి మా టీమ్ లీడర్ నీళ్లు తాగింది."

"ఒకే గదిలో కూకుని మూడు యూనివర్సిటీలు అమ్ముతారేటి?"

"ఏడు, నానీ. పొద్దున్న ఒకటి, భోజనాలయ్యాక ఒకటి. షిఫ్టు ఎటు వేస్తే అది. రీనాకి నిన్న పొద్దున్న నా యూనివర్సిటీయే."

"నువ్వేటి సదివేవు అమ్మీ?"

"ఎంబీఏ. కాలేజీకి వెళ్లే చదివాను. ఇక్కడ ఆరు నెలల కాంట్రాక్టు. నెలకి నలభైమందిని చేర్పించకపోతే తీసేస్తారు."

బిజినెస్‌లో పెద్ద డిగ్రీ చదివిన పిల్ల, బిజినెస్‌లో చిన్న డిగ్రీని అమ్ముతోంది, అది కొన్నవాళ్లు రేపు ఇంకేదో అమ్ముతారు. ఈ గొలుసులో ఎక్కడో ఒకచోట ఎవరైనా ఒక సరుకు తయారు చేస్తున్నారా అని సత్యభామకు అనుమానం వచ్చింది. అనుమానం లిప్సాతో చెప్పలేదు.

"ఇది నీ సెల్లెలు అడిగిందనుకో. నువ్వైతే దేన్లో సేరతావు?"

అటువైపు మెట్ల మీద ఎవరో దిగిపోతున్న అడుగులు వినబడ్డాయి. అవి దూరమయ్యాక లిప్సా గొంతు తగ్గించి చెప్పింది.

"సర్కారు దూరవిద్య విశ్వవిద్యాలయం ఒకటుంది నానీ. ఇదే డిగ్రీ, ఆన్‌లైన్లోనే. పుస్తకాలు పంపుతారు, మీ జిల్లాలోనే పరీక్ష. వాళ్లకీ గడువు ముప్పై ఒకటే. వాళ్లు ఎవరికీ ఫోన్ చేయరు. అందుకే మీ మావయ్య కవర్లలో లేరు. నేను చెప్పానని ఎక్కడా అనకండి."

సోమవారం సత్యభామ ఈ సంగతి చెబితే శంకరరావు తల అడ్డంగా ఊపాడు. "సింగిల్ టెండరు. ఒక్కడే ఉంటే కొనకూడదు."

"మావయ్యా, నువ్వు ఎప్పుడైనా సంతలో అల్లం కొన్నావేటి?"

"నాకేల?"

"నాను పద్నాలుగేళ్లు కొన్నాను. కొత్త మనిషి తెచ్చిన బుట్ట ఎంత నిగనిగలాడినా ముట్టను. వచ్చే వారం కూడా అదే సోట కూకునే మనిషి దగ్గర కొంతాను. కుళ్లిందనుకో, అడగడానికి మనిషుంతాది. ఈ సర్కారోలు రేపటికీ అక్కడే ఉంతారు. ఆ ముగ్గురూ గది ఖాళీ సేసి పోతే ఏ ఫోన్‌కి సెయ్యాల నాను?"

ఒప్పుకోవడం శంకరరావుకు కష్టం కాలేదు, ఏ రూలు కింద ఒప్పుకోవాలో తెలియకే కష్టమైంది. చివరికి మొహం వెలిగింది. "నామినేషన్ పద్ధతి ఉంది కదే. వేరే సరఫరాదారు లేనప్పుడు కారణాలు రాసి నేరుగా తీసుకోవచ్చు. ఉండు, నోటు పెడతాను." అరపేజీ నోటు రాసి, తనే ఆమోదించి, తారీఖు వేసి సంతకం పెట్టాడు. ఆ నోటు ఎవరికీ అందజేయవలసిన అవసరం లేదు. అయినా రెండు ప్రతులు తీయించాడు.

మంగళవారం దేబాశిష్ ఫారం తెరిచాడు. పేరు, ఊరు, ప్లస్‌టూ మార్కులు అన్నీ సాఫీగా నడిచాయి. తరవాత ఒక గడి దగ్గర ఆగిపోయింది. ప్లస్‌టూ తరవాత ఇరవై మూడేళ్ల ఖాళీ ఉంది, ఆ ఖాళీలో ఏం చేశారో చూపాలి.

"మొదటి తొమ్మిదేళ్లు ఏం చేశావు నానీ?"

"ఇద్దరు పిల్లల్ని పెంచేను. మా అత్తకి పక్షవాతమొచ్చి అయిదేళ్లు మంచం మీదుంది. ఆవిణ్ణి సూసేను. ఇంట్లో పది మందికి వండేను."

దేబాశిష్ గడి మీద నొక్కి కిందికి దిగే జాబితా అంతా వెతికాడు. "దానికి ఇందులో ఒక్కటే ఉంది. నిరుద్యోగి."

"అదే నొక్కు," అంది సత్యభామ. ఆ మాట తేలిగ్గానే అంది. మనకు అంత తేలిగ్గా ఉండకూడదు.

తరవాతి పద్నాలుగేళ్లకు ఉద్యోగం అని నొక్కితే, యజమాని ఇచ్చిన పత్రం కావాలంది. అందులో చేసిన పనులు వివరంగా ఉండాలి. విష్ణువర్ధన్ కొరాపుట్ వైపు మెస్సులు చూసుకుని గురువారం గాని రాడు. గురువారమే ఆఖరి రోజు. ఐదు గంటలకు వెబ్‌సైటు మూసేస్తారు.

గురువారం ఒంటిగంటకు వచ్చాడు. స్టోరు గదిలో బియ్యం బస్తా మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాడు. కుర్చీ ఒకటే ఉంది, దాని మీద గుడ్ల ట్రేలు ఉన్నాయి. సత్యభామ నిలబడింది.

"ఇదెంతసేపు ఆంటీ, రెండు లైన్లు. హెల్పర్‌గా పనిచేస్తున్నారు, కూరగాయలు తరగడం, గిన్నెలు కడగడం. అంతే కదా?"

"కూరలు నాను కొయ్యను సార్. కోసేవోలు ఆరుగురున్నారు."

"మరి మీరేం చేస్తారు?"

రెండు నెలలుగా ప్రతి వారం వచ్చి పోతున్న మనిషి ఆ ప్రశ్న మొదటిసారి అడిగాడు. నిజంగా తెలియకే అడిగాడు. సత్యభామ చెప్పడం మొదలుపెట్టింది. అతను కొడుతూ పోయాడు. సంతలో కొనుగోళ్లు. బియ్యం, పప్పు నిల్వ చూడడం. మధ్యలో గ్యాసు బండి వచ్చింది. ఆమె కిటికీలోంచే సిలిండర్లు తట్టించి రెండు వెనక్కి పంపింది. అది కూడా కొట్టాడు. వార్డెన్ వచ్చి, పచ్చకామెర్లు వచ్చిన ముగ్గురు పిల్లలకు పథ్యం ఏమిటని అడిగి వెళ్లింది. అదీ కొట్టాడు. పదిహేను మంది పనివాళ్ల డ్యూటీలు, వంటమనిషి రాని రోజు ఏర్పాట్లు, కాంట్రాక్టర్లు మారినప్పుడల్లా అప్పగింతలు. పేజీ నిండింది. రెండో పేజీ మొదలయ్యాక అతని వేళ్లు ఆగాయి.

"ఆంటీ, ఇది సూపర్‌వైజర్ పని."

"అవును సార్."

"కానీ మీరు హెల్పర్."

"అవును సార్."

"హెల్పర్ ఈ పని చేసిందని నేను రాసిస్తే హెడ్డాఫీసు ఒప్పుకోదు. లీగల్‌గా ప్రాబ్లం."

"అయితే నాను సెయ్యలేదని రాయండి సార్. మరి పద్నాలుగేళ్లు ఈ పని ఎవరు సేసేరో, ఆ పేరు కూడా రాయాల కదా. సెప్పండి, ఎవరని రాత్తారు?"

విష్ణువర్ధన్ స్టోరు గది చుట్టూ చూశాడు. రాయడానికి అక్కడ ఇంకో మనిషి కనబడలేదు. భువనేశ్వర్ కుర్రాడు సంతలో దేశియా మాట్లాడాలని విని పోయిన వారమే రానన్నాడు. ఆ సంగతి ఇతనొక్కడికే తెలుసు. అడ్మిషన్ నంబరు సాయంత్రానికి పంపకపోతే సంజాయిషీ చెప్పుకోవలసింది కూడా ఇతనే. మూడుంపావు అయింది.

"దీన్ని యూనివర్సిటీకి తప్ప ఇంకెక్కడా చూపించకండి ఆంటీ," అంటూ కాలేజీ ఆఫీసులో ప్రింటు తీయించి సంతకం పెట్టి కంపెనీ ముద్ర వేశాడు.

ఆమె పత్రం తడవకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుంది. సరేనని అనలేదని అతను గమనించలేదు.

దేబాశిష్ షాపులో వానకు సిగ్నలు పోతూ వస్తూ ఉంది. పత్రం వెబ్‌సైటులోకి ఎక్కేసరికి నాలుగున్నర దాటింది. నాలుగు యాభై రెండుకు అడ్మిషన్ నంబరు వచ్చింది. శంకరరావు దాన్ని తన రిజిస్టరులో సరుకు అందినట్టు రాసుకున్నాడు. మర్నాటి నుంచి సత్యభామ సూపర్‌వైజరు.

సోమవారం ఆమె లేబరాఫీసుకు వెళ్లింది. చేతిలో ఆ రెండు పేజీల పత్రం నకలు ఉంది. చేసిన పనికి తగ్గ హోదా, జీతం ఇప్పించమని అంతకుముందు రెండుసార్లు వెళ్లినప్పుడు, నువ్వు ఆ పని చేసినట్టు రుజువేదమ్మా అని పంపేశారు. గుమాస్తా దరఖాస్తు ఫారం ముందుకు లాక్కుని ఒక్కో గడీ నింపడం మొదలుపెట్టాడు.

"పేరు?"

"సత్యభామ."

"పనిచేసే చోటు?"

చెప్పింది.

"ఈ పద్నాలుగేళ్లూ నీ హోదా?"

"అదే తేల్సమని వచ్చేను బాబూ," అని పత్రం బల్ల మీద పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చుంది.